కారణం చెప్పని కరపత్రం

పెన్నానది ఒడ్డున ఉన్న తాడిపత్రికి రెండు విధాల పేరు. విజయనగర కాలంలో వెలసిన బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పసంపద ఒకటి. నల్లబండలు రెండవది. ఈ ప్రాంతపు గనుల్లో తీసి, కోసి, నునుపు చేసిన సున్నపురాతి పలకలు లారీలకెక్కి దూరప్రాంతాలకు పోతాయి. ఇళ్ళలో నేలగా, మెట్లుగా, వంటగదిలో పొయ్యి దిమ్మెగా మారతాయి. ఆ దిమ్మెను గురించి రాయలసీమ ఇల్లాళ్ళకు తెలిసిన చిన్న సంగతి ఒకటి ఉంది. దానిమీద చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడిచివేయాలి. లేకుంటే అంతమేర నిగనిగ పోయి వెలిసిన మచ్చ మిగులుతుంది.

ఇది అనుభవం నేర్పిన నియమం. నియమంగా ఇది మంచిదే. కాని పులుసు పడనీయవద్దని మాత్రమే తెలిసిన మనిషికి నిమ్మరసం మాటేమిటో తెలియదు. మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో వంటగది నేలను కడగవచ్చునా అన్నది తెలియదు. పక్కింటి గ్రానైటు దిమ్మె మీద అదే పులుసు గంటసేపు నిలిచినా ఏమీ కాకపోవడం వింతగా తోస్తుంది. మచ్చను మరక అనుకొని సబ్బుతో తోమి, అది పోకపోతే మరింత ఘాటైన ఆమ్లం తెచ్చి పోసేవారూ ఉంటారు. తాడిపత్రి బండలో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేటు. ఏ పులుపు తగిలినా అది కరిగి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. కనిపించే మచ్చ మరక కాదు, రాయి తరిగిన చోటు. ఈ ఒక్క మాట తెలిస్తే పై ప్రశ్నలన్నిటికీ సమాధానాలు ఎవరూ చెప్పకుండానే దొరుకుతాయి. ఆమ్లమంటే పులుపే కదా! శాస్త్రం వేరెక్కడో లేదు, మాటలోనే ఉంది.

సాంకేతిక రచన అనగానే ఇంజనీర్లు ఇంగ్లీషులో రాసే బరువైన గ్రంథాలు చాలామందికి గుర్తుకు వస్తాయి. కాని విత్తనాల సంచితో వచ్చే కరపత్రం సాంకేతిక రచనే. పురుగుమందు డబ్బాకు కట్టిన మడతల కాగితం, బోరు మోటారు వెంట వచ్చే చిన్న పుస్తకం, డ్రిప్పు పైపులను ఎలా శుభ్రం చేయాలో చెప్పే పట్టిక, ఆసుపత్రి గోడమీది సూచనలు కూడా ఆ కోవలోనివే. ఒక పట్టణంలో ఒక రోజున చదివే తెలుగులో కథలకన్నా కవితలకన్నా ఇవే ఎక్కువ కావచ్చు. అయినా వీటిని ఎవరూ రచనగా పరిగణించరు. రాసినవారి పేరు ఉండదు, సమీక్షించేవారు ఉండరు. చాలా వరకు ఇంగ్లీషు నుంచి హడావుడిగా దింపిన వాక్యాలే ఉంటాయి. అవి ఏమి చేయాలో చెబుతాయి; ఎందుకు చేయాలో చెప్పవు. అదే వాటి అసలు లోపం. భాషలోని కరకుదనాన్ని పాఠకుడు ఎలాగో భరిస్తాడు. కారణం లేకపోవడం మాత్రం అతని చేతిలోని పనిని చెడగొడుతుంది.

వేరుశనగ సంగతి చూడండి. అనంతపురం జిల్లాకు దశాబ్దాలుగా అది ఖరీఫు పంటలలో మొదటిది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గర వేసి, మట్టిని ఎగదోయాలన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చేస్తున్న సిఫారసు. సిఫారసు సరైనదే. అయితే కరపత్రంలోకి వచ్చేసరికి అది ఒక ఆజ్ఞగా మిగిలిపోతుంది. ఎరువులన్నీ దుక్కిలో వేసే అలవాటున్న రైతు జిప్సాన్ని కూడా దుక్కిలోనే వేస్తే తప్పేమిటని అనుకోవడం సహజం. యూరియాలాగా పైన చల్లితే చాలదా అని మరొకరికి తోస్తుంది. ఈ ఏడు చేతిలో డబ్బు లేదు, కాయ ఊరాక వేద్దామని ఇంకొకరు వాయిదా వేస్తారు. వీరిలో ఎవరూ బుద్ధిహీనులు కారు. తమకు చెప్పిన మేరకు అందరూ సబబుగానే ఆలోచిస్తున్నారు.

చెప్పనిది ఏమిటంటే ఇది. వేరుశనగ పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలో ఊరుతుంది. పువ్వు ఫలదీకరణం చెందాక దాని నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది. ఆ ఊడ కొసన కాయ ఏర్పడుతుంది. గింజ నిండడానికి కాల్షియం కావాలి. వేళ్ళు పీల్చిన కాల్షియం నీటితో కలిసి ఆకులకు పోతుంది. నీరు ఆవిరయ్యే చోటికే అది ప్రయాణం చేస్తుంది గనుక ఆకులలోనే ఉండిపోతుంది. తిరిగి దిగివచ్చి కాయకు చేరదు. అందువల్ల మట్టిలో ఉన్న కాయ తనకు కావలసిన కాల్షియాన్ని తన చుట్టూ ఉన్న మట్టి నుంచి తానే పీల్చుకోవలసి ఉంటుంది. ఆ పొరలో కాల్షియం లేకపోతే చెట్టు పచ్చగా ఏపుగా ఉన్నా కాయలు తాలుపోతాయి. జిప్సంలో నాలుగో వంతుకు కొంచెం తక్కువగా కాల్షియం ఉంటుంది. గంధకం అదనపు లాభం.

ఇంత తెలిసిన రైతుకు మోతాదు, సమయం, స్థలం మూడూ బోధపడతాయి. పూత దశ ఎందుకంటే ఊడలు దిగేది అప్పుడే. మొదళ్ళ దగ్గర ఎందుకంటే కాయ ఊరేది అక్కడే. మట్టి ఎందుకు ఎగదోయాలో వేరుగా చెప్పనవసరం లేదు. నలభై అయిదు రోజులు దాటాక అంతరకృషి చేయవద్దని చెప్పే మరో నియమం కూడా దీనితో కలిసిపోతుంది. దిగిన ఊడలను గుంటక తెంపివేస్తుంది. అంతకుమించి, కరపత్రం ఊహించని స్థితి ఎదురైనప్పుడు రైతు నిస్సహాయుడు కాడు. ఈ జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇదొకటి. ఆ పడే వాన కూడా పంచాంగం చూసి పడదు. సరిగ్గా పూత దశలో ఇరవై రోజులు చినుకు లేకపోతే జిప్సం వేయాలా, ఆగాలా? తడిలో కరిగితేనే కాల్షియం కాయకు అందుతుందని తెలిసినవాడు పదును కోసం ఎదురు చూస్తాడు. ఊడలు ఇంకా దిగుతున్నాయో లేదో మొక్కను పెరికి చూసుకుంటాడు. సున్నం సమృద్ధిగా ఉన్న నేల అయితే అసలు అంత మోతాదు అవసరమా అని భూసార పరీక్ష ఫలితాన్ని అడుగుతాడు. వాన సమయానికి పడే చోట నియమం ఒక్కటే సరిపోతుందేమో. కరవు నేలలో ప్రతి ఏడూ మినహాయింపే. మినహాయింపును ఎదుర్కోవడానికి నియమం పనికిరాదు.

తాడిపత్రి పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఇక్కడి నుంచి పోయే బస్తా మీద తూకం, గ్రేడు, నింపిన కాలం, భారత ప్రమాణాల సంస్థ గుర్తు అచ్చయి ఉంటాయి. వాటిని చూసి కొన్న సిమెంటును స్లాబు పోసేనాడు బేల్దారి మేస్త్రి నీళ్ళు కాస్త ధారాళంగా పోసి కలుపుతాడు. కంకర జారుగా ఉంటే కమ్మీల మధ్యకు సులువుగా దిగుతుంది, పని త్వరగా తెములుతుంది. నీళ్ళు తక్కువ పోయమని ఇంటి యజమాని అంటే మేస్త్రికి అది పనిలో జోక్యంగానే వినిపిస్తుంది. ఎందుకు తక్కువ పోయాలో ఇద్దరికీ తెలియదు గనుక గొంతు పెద్దదైనవాడిదే పైచేయి.

ఆ ‘ఎందుకు’ను అమెరికా ఇంజనీరు డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే ప్రకటించాడు. కాంక్రీటు బలం ముఖ్యంగా నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నీరు పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. సిమెంటు గట్టిపడేది ఆరిపోవడం వల్ల కాదు, నీటితో రసాయనికంగా కలవడం వల్ల. అలా కలవడానికి కావలసిన నీరు సిమెంటు బరువులో నూటికి నలభై వంతులకు మించదు. మిగిలినదంతా కలపడంలో వీలు కోసం పోసేది. అది తరువాత ఆవిరై, తానున్న చోట కంటికి కనపడని రంధ్రాలను విడిచిపోతుంది. యాభై కిలోల బస్తాకు ఇరవై అయిదు లీటర్లు పోస్తే నిష్పత్తి సగం. ఇసుక తడిగా ఉంటే ఆ తడిని కూడా లెక్కలో తీసివేయాలి. ఏ బస్తా మీదా చోటులేనంత పెద్ద విషయం కాదిది.

స్లాబును తడపడం గురించి కూడా ఇదే మాట. సిమెంటు ఆరిపోయి గట్టిపడుతుందని నమ్మినవాడికి మూడోనాడు బండలా ఉన్న స్లాబు మీద నీళ్ళు పోయడం వృథా అనిపిస్తుంది, అందులోనూ ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో. నీటితో కలిసి గట్టిపడుతుందని తెలిసినవాడు ఆ నీళ్ళను వృథా అనుకోలేడు. భారత ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన కాంక్రీటు నియమావళి సాధారణ సిమెంటుకు కనీసం ఏడు రోజులు తడి నిలపాలంటుంది. ఎండ, పొడిగాలి ఉన్న చోట పది రోజులకు తగ్గరాదంటుంది. అనంతపురం ఎండకు ఏ అంకె వర్తిస్తుందో వేరే చెప్పాలా?

పురుగుమందు డబ్బాల దగ్గర ఈ లోపం ప్రాణం మీదికి వస్తుంది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా వజ్రాకారపు గుర్తు ఉండాలి. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఒకటి ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం. తక్కినవి వరుసగా తగ్గుతూ ఆకుపచ్చకు వస్తాయి. చదువు రానివారికి సైతం తెలియాలన్న సదుద్దేశంతో చేసిన ఏర్పాటిది. అయితే ఆకుపచ్చను చూసిన మనిషికి రోడ్డు కూడలిలోని దీపం గుర్తుకు రావడం సహజం; అక్కడ ఆ రంగుకు అర్థం ‘పోవచ్చు’. డబ్బా మీద దాని అర్థం అది కాదు. ఈ వర్గీకరణ ప్రయోగశాలలో జంతువులకు ఒక్కసారిగా ఇచ్చిన మోతాదు మీద, వాటి శరీర బరువుతో పోల్చి కట్టిన లెక్క. ఏళ్ళ తరబడి ప్రతి పంటకూ ముక్కుకు గుడ్డ లేకుండా పిచికారీ చేసేవాడికి ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. బరువుతో ముడిపడిన లెక్క గనుక పెద్దవారికి అంతగా హాని చేయని పరిమాణమే పసిపిల్లలకు ప్రమాదకరం కావచ్చునన్న సంగతీ రంగులో కనిపించదు. సంకేతం అందరికీ అందింది. సంకేతం వెనుక ఉన్న కొలమానం ఎవరికీ అందలేదు.

సామాన్య పాఠకుడికి సిద్ధాంతం ఎందుకు, చేయవలసింది చెబితే చాలదా అనేవారు ఉన్నారు. వారి మాటను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. కార్యాలయాలలోకి కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో అమెరికాలో జాన్ కారల్ అనే పరిశోధకుడు వాటిని నేర్చుకునేవారిని దగ్గరగా గమనించాడు. వాళ్ళు పుస్తకం చదవడం లేదు, నేరుగా మీటలు నొక్కుతున్నారు. లావుపాటి పుస్తకాలను కుదించి, పాఠకుడు చేయదలచిన పని చుట్టూ రాయాలని ఆయన 1990లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. ఆ వాదం సాంకేతిక రచయితల వృత్తినే మార్చింది. నిజమే, పుటల కొద్దీ పీఠికను ఎవరూ చదవరు. విషం మింగిన మనిషి పక్కన నిలిచినవాడికి రసాయనశాస్త్రం బోధించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని, డబ్బాను కూడా వెంట తీసుకుపోవాలని మాత్రమే చెప్పాలి. అయినా కారల్ వాదం సిద్ధాంతానికి వ్యతిరేకం కాదు. పాఠకుడు ఎలా నేర్చుకుంటాడన్న సిద్ధాంతం ఉన్నందువల్లనే ఏది తీసివేయాలో ఆయనకు తెలిసింది. కారణం చెప్పడమంటే పొడిగించడం కాదు. ‘కాయ తన కాల్షియాన్ని మట్టి నుంచే పీల్చుకుంటుంది’ అన్నది ఆరు మాటల వాక్యం. దానికి చోటు లేని కరపత్రంలో కంపెనీ గుర్తుకు మాత్రం సగం పుట ఉంటుంది.

కారణాన్ని చెప్పడానికి మాటలు కావాలి. ఆ మాటలు రాసేవారికీ చదివేవారికీ ఉమ్మడిగా ఉండాలి. తాడిపత్రి నల్లరేగడి చేలలో రబీలో వేసే పంటను ఇక్కడ పప్పుశనగ అంటారు. ఖరీఫులో ఎర్రనేలల్లో వేసేది శనక్కాయ, కొందరికి బుడ్డలు. తెలంగాణలో అదే పల్లీ. పుస్తకంలో అది వేరుశనగ. ఉత్త ‘శనగ’ అని రాసిన కరపత్రం ఏ పంటను ఉద్దేశించిందో పాఠకుడు తక్కిన వాక్యాలనుబట్టి ఊహించుకోవాలి. నాగలి అని రాస్తే అర్థమవుతుంది గాని సీమ రైతు నోట అది మడక. వాడుకలో ఇబ్బంది లేని ఈ తేడాలు మోతాదులు రాసే చోట ప్రమాదకరంగా మారతాయి.

ఈ సమస్యను గుర్తించి పని చేసినవారు తెలుగులో ఉన్నారు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి కొమర్రాజు లక్ష్మణరావు సారథ్యంలో చరిత్రతో పాటు శాస్త్ర విషయాలను కూడా తెలుగులో పుస్తకాలుగా తెచ్చింది. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షతన ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలల పాఠ్యగ్రంథాలను, శాస్త్ర విషయాల పారిభాషిక పదకోశాలను వెలువరించింది. వీటికన్నా భిన్నమైన దారి భద్రిరాజు కృష్ణమూర్తిది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం కోసం పరిశోధకులు జిల్లా జిల్లాకూ వెళ్ళి, వ్యవసాయంలో వాడే పనిముట్లకు, పనులకు రైతులు ఏ పేరు పెట్టుకున్నారో అడిగి రాసుకున్నారు. తరువాత చేనేత పదాలకు మరో సంపుటం వచ్చింది. పండితుడు గదిలో కూర్చుని మాట కల్పించడానికీ, పనివాడి నోటి నుంచి మాట సేకరించడానికీ తేడా చాలా ఉంది. కల్పించిన మాట ఎంత అందంగా ఉన్నా దాని వెనుక అనుభవం ఉండదు. ‘ఊడ’ అన్న మాటకు బదులు సంస్కృత సమాసం ఒకటి పెడితే రైతుకు తన చేను కనిపించదు.

అట్లని పనివాడి మాట ఒక్కటే చాలుననుకోవడమూ పొరపాటే. తాడిపత్రి ఆలయ గోపురాల ముందు నిలిచినవారికి ఆ శిలలను నిలబెట్టిన లెక్క ఏమిటన్న ప్రశ్న రాక మానదు. నది వైపున ఉన్న గోపురాలు అసంపూర్తిగానే నిలిచిపోయాయి. అలాంటి కట్టడాల శాస్త్రాన్ని ఆధునిక పాఠకుడికి తొలిసారిగా వివరించినవాడు రామరాజ్. బెంగుళూరులో న్యాయాధికారిగా పనిచేసిన ఆయన రచనను లండనులోని రాయల్ ఆసియాటిక్ సొసైటీ 1834లో ప్రచురించింది. మానసారం వంటి శిల్పగ్రంథాలు చేతికి దొరికాక ఆయనకు విచిత్రమైన చిక్కు ఎదురైంది. పండితులకు సంస్కృతం వచ్చును గాని పారిభాషిక పదాల అర్థం తెలియదు. శిల్పులకు పని వచ్చును గాని గ్రంథంలోని భాష రాదు. చివరకు ఒక శిల్పినీ, ఆ పదాలు తెలిసిన ఒక బ్రాహ్మణునీ దగ్గర పెట్టుకొని ఆయన గ్రంథాన్ని విప్పుకోవలసి వచ్చింది. శాస్త్రం ఒకరి దగ్గర, పని ఒకరి దగ్గర మిగిలితే రెండూ మూగవవుతాయి. రామరాజ్ రెండువందల ఏళ్ళ కిందట పడిన పాట్లు నేటి కరపత్ర రచయిత పడకపోవడానికి కారణం చిక్కు తీరడం కాదు. అతడు శిల్పిని వెతుక్కుంటూ వెళ్ళడం లేదు.

ఉమ్మడి మాట ఏం చేయగలదో తెలుసుకోవడానికి కూడా తాడిపత్రి ఉదాహరణ ఉంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతాల శిలల మీద 1872లో ప్రకటించిన గ్రంథంలో ఒక శిలల వరుసకు ఈ ఊరి పేరు పెట్టాడు. భూగర్భ శాస్త్రంలో ‘తాడిపత్రి’ నేటికీ ఒక పారిభాషిక పదం. పొరకు ఊరి పేరు పెట్టడంలో ఒక న్యాయం ఉంది. ఎవరికైనా అనుమానం వస్తే ఆ ఊరికి వెళ్ళి రాతిని చూసి, కింగ్ చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకోవచ్చు. తరువాతి వారు ఆయన వర్గీకరణను సవరించారు కూడా. పేరు ఉమ్మడిది కాబట్టి సవరణ సాధ్యమైంది.

కారణమూ ఉమ్మడి పరిజ్ఞానమూ ఒకచోట కలిసిన ప్రయత్నం ఒకటి ఈ కరవు జిల్లాల్లోనే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో 2000ల దశకంలో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల గ్రామాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. ఈ పంట వేయండి, ఆ పంట వేయకండి అని అధికారులు చెప్పడం దాని పద్ధతి కాదు. రైతులే వర్షమాపకంలో వాన కొలిచారు. బోరుబావులలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను అందరూ చూసేటట్లు ఊళ్ళో రాసి పెట్టారు. రబీకి ముందు కూర్చుని, భూమిలోకి ఇంకిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క కట్టారు. దానికి పంట నీటి బడ్జెట్టు అని పేరు.

బోరుబావి ఇంటి సొత్తులాగా కనిపిస్తుంది. ఎవరి డబ్బుతో వారు తవ్వించుకుంటారు. పక్క చేనువాడు మరో వంద అడుగులు దించితే తన బోరు ఎందుకు ఎండిందో వివరించడానికి భూమి కింద ఉన్నది ఒకే జలాశయమన్న సిద్ధాంతం కావాలి. ఆ సిద్ధాంతాన్ని ఉపన్యాసంగా చెబితే వినేవారు తక్కువ. తమ చేతులతో కొలిచిన అంకెలు గోడమీద వరుసగా కనిపించినప్పుడు అది దానంతటదే బోధపడుతుంది. వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయాలన్న నిర్ణయం ఎవరి ఆజ్ఞా లేకుండా కొన్ని ఊళ్ళలో వచ్చిందంటే ఆ గోడమీది రాతే కారణం. దాన్ని ఎవరూ సాంకేతిక రచన అనకపోవచ్చు. రాష్ట్రంలో ఆ దశాబ్దంలో వచ్చిన సాంకేతిక రచనలలో అంతకన్నా మేలైనవి కొద్దిగానే ఉంటాయి.

ఇక రాసేవారి సంగతి. హైదరాబాదు, బెంగుళూరు నగరాల సాఫ్ట్‌వేర్ సంస్థల్లో సాంకేతిక రచన ఒక ఉద్యోగం. తెలుగు యువతీ యువకులు ఎందరో ఆ పనిలో ఉన్నారు. వారు రాసేది ఇంగ్లీషులో. పాఠకుడిని గమనించడం, వాక్యాన్ని పరీక్షించి చూడడం, ఒకే వస్తువుకు ఒకే పేరు పాటించడం వంటి పద్ధతులు వారికి నిత్యకృత్యం. ఆ నేర్పు సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగులో కూర్చోదు, ఎందుకంటే దానికి ఇక్కడ పీట వేసినవారు లేరు. ఆ వృత్తిలోనూ ఉమ్మడి పరిజ్ఞానం తనంతట తాను నిలవదని ఈమధ్యే తేలింది. అమెరికాలో 1953లో పునాదిపడి, పత్రిక నడిపి, సభలు జరిపి, సాంకేతిక రచయితల అనుభవాన్ని డెబ్బై ఏళ్ళు పోగుచేసిన సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ 2025 జనవరిలో దివాలా తీసి మూతపడింది. అంత ధనిక దేశంలోనే ఇలా జరిగితే తెలుగులో ఏమి సాధ్యమని పెదవి విరిచేవారికి ఒక మాట చెప్పవచ్చు. ఇక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటేటా వెలువరించే వ్యవసాయ పంచాంగం ఉంది. పాతదాన్ని సవరిస్తూ, కొత్తదాన్ని చేర్చుకుంటూ సాగే అలాంటి పుస్తకమే ఉమ్మడి పరిజ్ఞానానికి గూడు. బేల్దారి పనికి, బండల పనికి, మోటారు మరమ్మతుకు అలాంటిది ఒకటి ఎందుకు ఉండరాదు?

అంతవరకు కరపత్రాలకైనా మూడు సంగతులు కలపవచ్చు. ప్రతి సూచన పక్కనా ఒక వాక్యం కారణం. అడుగున, దాన్ని ఏ సంవత్సరంలో ఎవరు రాశారో, ఎప్పుడు సవరించారో. ఆ కింద, చదివినవారు తమ చేనిలోనో తమ ఇంటి స్లాబు మీదనో చూసిన తేడాను రాసి పంపడానికి చిరునామాతో పాటు నాలుగు ఖాళీ గీతలు. 1962 నాటి పదకోశం కోసం ఊరూరా తిరిగినవారి చేతుల్లో ఉన్నవి కూడా ప్రశ్నలు, వాటి పక్కన రైతు చెప్పబోయే మాట కోసం వదిలిన ఖాళీలే.